గొర్రెల వెంట పోయిన పేరు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర
జెరాక్స్ అంగడి మీద గది.
ఫ్యాను తిరిగినంతసేపూ గోడ మీద క్యాలెండరు కొట్టుకుంటా ఉంటాది.
నా పని పేర్లు అతికించడం,
పైనుంచి తీసిన నేల మీద.

ఖాజాపీరు కూడేరు దావన డ్రోను ఎగరేసి
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు తెచ్చిచ్చినాడు.
పీకేసిన బుడ్డల చేను.
ఎర్రమట్టి, అక్కడక్కడా సుద్దరాళ్ళు,
ఎవరో కోపంగా కొట్టేసిన గీత మాదిరి
ఎండిన వంక.
వెంచరోళ్ళు కాగితమ్మీద రాసిచ్చినారు:
ఇక్కడ క్లబ్ హౌసు.
ఇక్కడ నలభై అడుగుల రోడ్డు.
ఇక్కడ, నీలం అక్షరాల్లో, ఈతకొలను.

డ్రోను కదిలితే అక్షరాలు కదలకూడదు.
అంటే, తెర మీద కదలాల,
నేల మీద కదలకూడదు.
మా యమ్మకు ఇది చెప్పబోయి రెండుసార్లు ఓడిపోయినా.
బస్సులో పోతా ఉంటే చెట్లు వెనక్కి పోతాయి కదమ్మా,
చెట్టుకు కొట్టిన రేకు బోర్డు
చెట్టుతోనే పోవాల, బస్సుతో రాకూడదు.
"చెట్టుకు మేకులు కొట్టేది నీ పనా?" అనింది.

పట్టుకోను ఒక గుర్తు కావాల కంప్యూటరుకు.
చుట్టూ ఉన్న రంగులో కలిసిపోనిది.
ఈ నేలంతా ఒకే ఎరుపు,
ఏ చదరం చూసినా పక్క చదరానికి తోబుట్టువే.
వెతికి వెతికి ఒక నల్లచుక్క దొరకబట్టినా.
దాని చుట్టూ గడి గీసి,
ఈతకొలనును దానికి ముడేసి,
టీ తాగను కిందికి పోయినా.

వచ్చి చూస్తే
ఈతకొలను నడుస్తా ఉంది.

వంక దాటింది.
నలభై అడుగుల రోడ్డుకు అడ్డం పడింది.
క్లబ్ హౌసు పక్కన నిలబడి, వంగి,
ఏందో ఏరుకొని, ఒడిలో వేసుకొని
మళ్ళీ బయల్దేరింది.
దాని వెనక మాసిన తెలుపులో
ముప్పై నలభై గొర్రెలు.

పెద్దది చేసి చూసినా.
చుక్క కాదది, గొంగడి.
గొంగడి కింద మనిషి.
పైనుంచి మొగం కనపడదు,
నీడ మాత్రం మనిషికి రెండింతలు.

ఖాజాకు ఫోన్ చేసినా.
"ఆ పెద్దాయనా? కాటమయ్య.
నేను బ్యాటరీ మారుస్తా ఉంటే వచ్చినాడు.
సీసాలో నీళ్ళిచ్చి,
అంత పైనుంచి చూస్తే
వాన యాడుండేదీ కనపడతాదా నాయినా, అనడిగినాడు."
ఏం చెప్పినావు?
"ఏం చెప్పేది.
బ్యాటరీ ఇరవై నిమిషాలే వస్తాదని చెప్పినా."

ముడి విప్పినా.
ఈసారి కదలనిదాన్ని వెతికినా.
చేను మూలన, మూతికి బండ పెట్టిన బోరు పైపు.
నీళ్ళు పడని బోరు యాడికి పోతాది?
దానికి కట్టేసినా ఈతకొలనును.
మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా
వెంట్రుకవాసి జరగలేదు.

రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చినాక
ఇంకో పొర తెరిచినా, ఎవురూ అడగకుండానే.
గొంగడికి ముడేసి రాసినా: కాటమయ్య.
పైపు మీద: బోరు, ఎన్నడుగులో తెలీదు.
ఆయన వంగిన చోట ఏం రాయాల్నో తోచలేదు.
బుడ్డలు ఏరుకుంటాన్నాడో, రాయి తీసినాడో.
ఖాళీ గడి ఒకటి పెట్టి వదిలేసినా.
నల్లచుక్క వెంట ఆ పేరు
వంక దిగి, ఎక్కి, పోతానే ఉంది,
అలుపు లేకుండా.

ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటాది.
నొక్కితే కన్ను మూస్తాది.
చచ్చిపోదు, ఫైల్లోనే ఉంటాది.
తెల్లారేలోపల నొక్కి, వీడియో పంపించినా.

పదింటికి ఫోను.
గొర్రెల్ని తీసేయొచ్చునా, అన్నారు.
తీయొచ్చు, ఇంకో రెండు వేలు అవుతాది, అన్నా.
అయితే ఉండనీలే, పల్లె వాతావరణం ఉంటాదన్నారు.
పెట్టేసే ముందు ఒక మాట:
ఈతకొలను బాగొచ్చింది,
ఆ నీలం మటుకు ఇంకొంచెం చిక్కగా చేయమన్నారు.